నడుం మీద సింహం

ఇంట్లో అందరికీ మతి సరిగ్గానే ఉండి, నా ఒక్కడికే పోయిందని నేనే తేల్చుకుని, నేనే ప్రకటించుకున్న మధ్యాహ్నం ఒకటుంది. అంతకు మించిన పరువునష్టం కోసం ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నాను.

గుంటూరు మిర్చియార్డులో మాదొక చిన్న కమీషన్ కొట్టు. ఎండలు ముదిరిన రోజుల్లో నడుం మీద పొక్కులు లేచాయి. పండుమిరప నూరి పట్టీ వేసినట్టు మంట. బ్రాడీపేట డాక్టరమ్మ చూసి, "అక్కి. వైరస్ వల్ల వస్తుంది," అని మాత్రలు రాశారు.

"నీళ్ళు బాగా తాగాలి, లేకపోతే కిడ్నీలకి ఇబ్బంది. మూత్రం తగ్గినా, మనసు గందరగోళంగా ఉన్నా, లేనివి కనిపించినా వెంటనే రండి."

వైద్యుడు చెప్పింది నీళ్ళు, రోగి తాగింది టీ. యార్డులో ఇంకేం దొరుకుతుంది చెప్పండి?

మా అమ్మకి మాత్రలే నచ్చలేదు. "అక్కికి మాత్రలేమిట్రా? కుండలు చేసే అంకమ్మని పిలిస్తే..."

"ఎవర్నీ పిలవక్కర్లేదు. నేను ఎమ్మెస్సీ."

"అక్కికి ఆ సంగతి తెలుసా?"

మర్నాడు మధ్యాహ్నం భోంచేసి, మాత్రల పెట్టెలోని కాగితం చదివాను. తలనొప్పి, వికారం, మగత. చదివిన వరుసలోనే ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. చొక్కా విప్పి, లారీలోంచి దించిన మిర్చి బస్తాలా పక్కకి తిరిగి పడ్డాను.

నిద్ర లేచి అద్దంలో చూసుకుంటే, నడుం మీద ఎర్రటి సింహం. నాలుక చాపి నన్నే చూస్తోంది.

కళ్ళు నులుముకున్నాను. కదల్లేదు. పొద్దున్నించీ బాత్రూమ్‌కి వెళ్ళానా అని ఆలోచించాను. వెళ్ళలేదు. డాక్టరమ్మ చెప్పిన లక్షణాల్లో రెండు కుదిరాయి.

"అమ్మా, నా నడుం మీద ఏముంది?"

"చెమట," అంది అమ్మ, బియ్యంలోంచి తల ఎత్తకుండా.

"సుజాతా, నువ్వు చూడు."

మా ఆవిడ గోడవంక చూస్తూ, "ఏం లేదండీ," అంది.

"అయితే నాకు సింహం కనిపిస్తోంది."

సుజాత చేతిలో గ్లాసు జారింది. "ఎండదెబ్బ రా, పడుకో," అంది అమ్మ. పడుకుంటే ఈసారి పులి రావచ్చు. సుజాతని ఆటో ఎక్కించి డాక్టర్ దగ్గరికి బయల్దేరాను. బుర్ర ఎంత మిగిలిందో చూద్దామని దారిలో పదమూడో ఎక్కం అప్పజెప్పుకున్నాను. రాలేదు. అది నాకు చిన్నప్పటి నుంచీ రాదన్న సంగతి కూడా గుర్తు రాలేదు. కోలుకోకపోతే కొట్టు ఎవరు చూస్తారు? సుజాత చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆమె ఏడుపు ఆపుకుంటోందనుకున్నాను.

"డాక్టర్‌గారూ, నా నడుం మీద సింహం ఉంది. మా ఇంట్లో ఎవరికీ కనిపించట్లేదు."

డాక్టరమ్మ నా చొక్కా ఎత్తి చూశారు. కళ్ళద్దాలు సర్దుకుని ఇంకోసారి చూశారు.

"ఎన్ని కాళ్ళు కనిపిస్తున్నాయి మీకు?"

"నాలుగండీ."

"నాకు మూడే. నాలుగోది చెమటకి చెరిగినట్టుంది."

సుజాత ఇక ఆగలేక పగలబడి నవ్వింది. "అత్తయ్య ఒట్టేయించుకున్నారండీ! మీరు నిద్రపోతుంటే అంకమ్మ వచ్చి, అక్కి తగ్గాలని ఎర్రమట్టితో సింహం బొమ్మ రాసి వెళ్ళింది. తెలిస్తే కడిగేస్తారని చెప్పొద్దన్నారు."

డాక్టరమ్మ పొక్కుల మీది మట్టిని శుభ్రంగా కడిగించారు, మూత్రపరీక్ష చేయించారు. "మాత్రలు ఆపకండి. మతి బాగానే ఉంది," అని ఒక్క క్షణం ఆలోచించి, "ఉన్నంతలో," అన్నారు.

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: ఇకమీదట డాక్టర్లు నీళ్ళు తాగమంటే నీళ్ళే తాగుతాను. ఏ మందు పడకపోయినా ముందు వాళ్ళనే అడుగుతాను. ఇక మా అమ్మ మెలకువగా ఉన్న ఇంట్లో, ప్రాణం పోయినా సరే, చొక్కా విప్పి నిద్రపోను.