సేటు రేసు బండిలో నా బరాత్

చుట్టాలకు ఉత్తరాలు తప్ప నేను ఇంతవరకు ఏమీ రాయలేదు. నాలుగో తరగతితోనే నా బడి అయిపోయింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆ బండి దగ్గరే మొదలుపెడుతున్నాను.

మా ఊరు రాజురా హైదరాబాద్ రాజ్యం నుంచి బొంబాయి రాజ్యంలోకి మారిన రోజులు. మా బాపు మోటారు మిస్త్రీ. పత్తి వ్యాపారం చేసే సేటు గోదాం పక్కనే మా రేకుల షెడ్డు. సేటు దగ్గర ఒక పాత విలాయతీ బండి ఉండేది. హైదరాబాద్ వైపు పందేల్లో పరుగెత్తిన బండి. జాగీర్దారు ఒకాయన దగ్గర దాన్ని కొన్నాక సేటు వెనక సీటు, పైన గుడ్డ కప్పు, పక్కలకు తలుపులు పెట్టించాడు. మనవాళ్లలో ఎవరి పెళ్లయినా బరాత్ అందులోనే. పిల్ల, పిల్లగాడు వెనక సీట్లో పూల మధ్య కూర్చుంటే, బండి బాజా వెనక మెల్లగా ఊరంతా తిరిగేది. నా తోటివాళ్లంతా అలాగే వెళ్లారు. సంబంధం కుదిరినప్పటి నుంచి కళ్లు మూసుకుంటే నాకు ఆ సీటే కనబడేది.

ఒక పొద్దున సేటు పాత ఫోటో ఒకటి పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. అందులో అదే బండి ఉంది. కప్పు లేదు, తలుపులు లేవు. పక్కన తెల్లటి గుండ్రంలో అంకె ఉంది.

"మిస్త్రీ, దీన్ని మళ్ల గిట్లనే చెయ్యాలె. ఒక్క మేకు గూడ ఎక్కువ ఉండొద్దు."

"ఎందుకు సేటూ? మంచిగనే నడుస్తుంది గద."

"రాజ్యం మారె, కచేరీల భాష మారె, పైసలు గూడ మారుతయంటున్నరు. ఇదొక్కటన్న అసలు తీరుల ఉండనియ్."

బాపు నా వైపు చూడలేదు. ఆ రోజే కప్పు ఊడదీశాడు. తర్వాత తలుపులు పోయాయి, చక్రాల మీది రేకులు పోయాయి. చివరికి వెనక సీటూ పోయింది. దాని కింద ఎద్దు పొట్టలాంటి పెట్రోలు ట్యాంకి బయటపడింది. బానెట్ మీదికి ఒకటి, ట్యాంకి చుట్టూ ఒకటి, బాపు నది దాటి చాందా పట్నం పోయి తోలు పట్టీలు కుట్టించుకొచ్చాడు. ఇంజనుకు ఆముదం కావాలన్నాడు.

"నెత్తికి వెట్టే ఆముదం బండికి పోస్తవా?" అంది అమ్మ.

"పందెం బండ్లు గదే తాగుతయి. వంటాముదం గాదు, గానుగది తే. నీళ్ల తడి తగలొద్దు."

బండి లేచిన రోజు వాడంతా పసిపిల్లకు తలంటిన ఇల్లులా వాసన వేసింది. ఆ పొగలో నిలబడితే నేల కాళ్లకు అందనట్టు అనిపించింది. కానీ ఏడుపు కూడా వచ్చింది.

"మరి నా బరాత్ బాపూ?"

బాపు చేతులు తుడుచుకున్నాడు. "రెండే సీట్లు బిడ్డా. ఒకటి నడిపెటోనికి, ఒకటి మిస్త్రీకి. బండి ఉరుకుతుంటే మిస్త్రీ గీ పంపు కొడుతనే ఉండాలె. లేకుంటే ట్యాంకిల గాలి దిగి పెట్రోలు రాదు."

ఎదురుగా ట్యాంకి గాలి చూపే కాటా ఉంది, సీటు పక్కన పంపు ఇత్తడి పిడి. పట్టుకుని చూశాను. చల్లగా ఉంది.

"నువ్వు నడుపు. పంపు నేను కొడత."

"పెండ్లిపిల్ల పంపు కొడుతదా? ఊరు నవ్వదా?"

"నవ్వనియ్."

సేటును అడిగితే ఫోటో తీసి చూశాడు. "గీ ఫోటోల గూడ ఇద్దరున్నరు. రెండోది ఎవలైతేంది? కని పూలు కట్టొద్దు."

పెళ్లయిన సాయంత్రం నేను మిస్త్రీ సీట్లో కూర్చున్నాను. మా ఆయన బండి చుట్టూ తిరిగి, "మరి నేనెక్కడ కూసోవాలె మామా?" అన్నాడు.

"ఎనుక ట్యాంకి మీద అల్లుడా. పట్టీ గట్టిగ వట్టుకో."

"పిల్లేమో మిస్త్రీ, పిల్లగాడేమో పెట్రోలు డబ్బా!" అని ఆయన దోస్తులు విరగబడి నవ్వారు.

"తల వంచుకోవే, అందరు సూస్తున్నరు," అంది చిన్నమ్మ.

"తల ఎత్తి కాటా సూడు బిడ్డా, ముల్లు వడిపోతుంది," అన్నాడు బాపు.

బాజా కదిలింది. దాని వెనక మేం కదిలాం. నాలుగు ఇళ్లు దాటలేదు, బండి దగ్గింది, ముందు నుంచి ఆవిరి లేచింది. నేను ఊపిరి బిగబట్టి పంపు కొట్టాను. మళ్లీ దగ్గింది. ఇక్కడే ఆగిపోతే దింపేసి ఎద్దుల బండి ఎక్కిస్తారని నాకు తెలుసు.

"గిప్పుడు గిది మెల్లగ నడవదు, ఉరుకుతది!" అని బాపు కేకేశాడు. "జరుగుండ్రి! బాజా పక్కకు వెట్టుండ్రి!"

జనం గోడలకు అతుక్కున్నారు. బండి ఒక్కసారి గర్జించి ముందుకు దూకింది. చిన్నమ్మ, దోస్తులు, బాజా అంతా దుమ్ములో కలిసిపోయారు. ఊరు దాటేశాం. రెండు పక్కలా ఆఖరి ఏరుడు పత్తి, మీద ఎర్రటి పొద్దు. చేలు కదులుతున్నాయో మేం కదులుతున్నామో తెలియలేదు. చక్రాల చప్పుడు దూరంగా ఎవరో దూది ఏకుతున్నట్టు వినబడింది. గోరింటాకు చెయ్యి పిడి మీద పోతూ వస్తూ ఉంది. అది నాది కాదేమో అనిపించింది.

అప్పుడు మా ఆయన వెనక నుంచి నా చెవి దగ్గరికి వంగాడు. అంతవరకు నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

"చెయ్యి నొస్తలేదా? నేను కొడత, ఇటియ్యి."

నొప్పి మోచేతి దాకా ఎక్కింది.

"నొస్తలేదు," అన్నాను.