వరదయ్య అంగడికి అడ్డం నిలిచిన గడి

తిరుపతి గాంధీ రోడ్డులో వరదయ్య బట్టల అంగడికి బోర్డు అక్కర్లేదని పక్క అంగళ్ళవాళ్ళు అనేవారు. ఆయన గొంతే బోర్డు. నారాయణవనం నేత చీరలు, తువ్వాళ్ళు అమ్మేవాడు. కొండ దిగి వచ్చే జనం కనబడగానే గడప దాటి ముందుకొచ్చి, తమిళులతో తమిళంలో, కన్నడం వాళ్ళతో కన్నడంలో, మనవాళ్ళతో మన యాసలో మాట కలిపేవాడు. "అక్కా, కొనాల్సిన పన్లేదు, ఊరికే సూసి పోండి," అనేవాడు. అలా ఊరికే చూడ్డానికి లోపలికి వచ్చినవాళ్ళలో చాలామంది పొట్లంతోనే బయటికి వెళ్ళేవారు.

2006లో ఆ గొంతు బొంగురుపోయింది. మొదట దుమ్ము వల్ల అనుకున్నారు. కషాయాలు తాగాడు, అంగట్లో మాట తగ్గించాడు. తగ్గలేదు. రాయవేలూరు ఆసుపత్రిలో పరీక్షలు చేసి, లోపల గడ్డ ఉందని, మనిషి బతకాలంటే స్వరపేటిక తీసెయ్యక తప్పదని చెప్పారు. ఆపరేషన్‌కి ముందురోజు సాయంత్రం వరదయ్య వార్డులో పక్క మంచాలవాళ్ళందరినీ పలకరించాడు. ఎవరిది ఏ ఊరో, ఏం పండిస్తారో అడిగాడు. భార్య వసంతమ్మతో మాత్రం పెద్దగా మాట్లాడలేదు.

"నాకేమీ చెప్పవా?" అని ఆమే అడిగింది.

"నేను నోరు తెరవకపోయినా నీకు తెలుస్తాది గదా," అన్నాడు.

ఆయన గొంతులో ఆమె విన్న చివరి మాటల్లో అదొకటి.

ఇంటికి వచ్చాక మెడ దగ్గర ఊపిరి కోసం పెట్టిన రంధ్రం మీద పలచటి నూలు గుడ్డ కట్టుకుని, చేతిలో పలక పట్టుకుని మళ్ళీ అంగడి గడపలో నిలబడ్డాడు. చప్పట్లు కొట్టి జనాన్ని పిలిచేవాడు. కొందరు ఆయన్ని బిచ్చగాడు అనుకున్నారు. ఒకావిడ చేతిలో చిల్లర కూడా పెట్టింది. ఆ వారమే అంగడి ఖాళీ చేసి, ఉన్న సరుకంతా కొర్లగుంటలోని ఇంటి ముందుగదిలోకి తెచ్చుకున్నాడు.

కూతురు పవిత్ర అప్పుడే కంప్యూటరు చదువు పూర్తిచేసింది. వసంతమ్మ తమ్ముడు గుణశేఖర్ రేణిగుంటలో కంప్యూటర్ సెంటరు నడిపేవాడు. మామా మేనకోడలు కలిసి వరదయ్య కోసం ఇంటర్నెట్‌లో ఒక అంగడి పెట్టారు. చీరలు ఎండలో పరిచి ఫోటోలు తీశారు. ఒక్కో చీర గురించి వరదయ్య పలక మీద రాసేవాడు, పవిత్ర కంప్యూటర్లో కొట్టేది. బెంగుళూరు నుంచి, మద్రాసు నుంచి ఒకటీ అరా ఆర్డర్లు రాసాగాయి. వరదయ్య పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కంప్యూటరు పక్కన కూర్చునేవాడు. ఈ అంగడికి వచ్చేవాళ్ళకి తనకు గొంతు లేదన్న సంగతి తెలియదు. ఆ ఒక్క కారణానికే ఆ అంగడి ఆయనకు నచ్చింది.

కొన్నాళ్ళకు గుణశేఖర్ ఒక ఆలోచన తెచ్చాడు.

"బావా, రోజూ ఎంతోమంది వచ్చి సూసి పోతాండారు. వాళ్ళెవురో మనకు తెలీదు. ఈమెయిల్ ఒకటి తీసుకుంటే రేపు మళ్ళీ పిలవచ్చు గదా."

మాట సబబుగానే తోచింది. మరునాటి నుంచి అంగడి తెరవగానే, చీరలు కనబడేలోపే, మధ్యలో పెద్ద గడి ఒకటి వచ్చి నిలబడేది. 'మీ ఈమెయిల్ ఇవ్వండి, కొత్త సరుకు సంగతి మొదట మీకే చెబుతాం' అని అందులో ఉండేది. వద్దనుకునేవాళ్ళు మూయడానికి పైమూలలో చిన్న ఇంటూ గుర్తు. అడ్రసులు పోగవుతుంటే గుణశేఖర్ సంతోషించాడు. అందరికీ తగ్గింపు ధరల మెయిల్స్ పంపాడు. వాటిలో చాలా అడ్రసులు ఉత్తివని అప్పుడు తెలిసింది. ఎవరో 'వద్దు అట్ వద్దు డాట్ కామ్' అని కొట్టి లోపలికి వెళ్ళారు. నిజమైన అడ్రసుల నుంచి వచ్చిన జవాబుల్లో ఒకటి, "దయచేసి నన్ను వదిలెయ్యండి" అని. ఆర్డర్లు మాత్రం పలచబడుతూ వచ్చాయి. వాన కాలం గదా, అందుకేనని సర్దిచెప్పుకున్నారు.

ఒకరోజు రిటైరయిన హెడ్మాస్టరు పరంధామయ్య కోడలికి చీర కొనాలని ఇంటికి వచ్చాడు. చీరలు పక్కనే బీరువాలో ఉన్నా, "నీ కొత్త అంగడి సూపీ వరదయ్యా, దాంట్లోనే కొంటా," అని కంప్యూటరు ముందు కుర్చీ లాక్కున్నాడు. వరదయ్యకి ఉత్సాహం వచ్చింది. అంగడి తెరుచుకుంది. వెంటనే గడి వచ్చింది.

పరంధామయ్య కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇదేందబ్బా? చీర సూపమంటే నా అడ్రసు అడుగుతాంది. ఇస్తే దాన్ని ఏం జేస్తారో ఏమో. నాకొద్దు."

వరదయ్య వేలితో ఇంటూ గుర్తు చూపించబోయాడు. అప్పటికే పెద్దాయన కంగారుపడి స్విచ్చి ఆపేశాడు. ఆపాక తనే నవ్వాడు.

"నీ ఇంట్లో, నువ్వు పక్కన ఉంటేనే నాకు లోపలికి పోయే దోవ దొరకలే. యాడో ఉండేవాళ్ళకు ఎట్ట దొరుకుతాది?"

ఆ సాయంత్రం గుణశేఖర్ రాగానే వరదయ్య పలక చూపించాడు. హెడ్మాస్టరు సంగతి రాసి, కింద 'ఆ గడి తీసెయ్యండి' అని ఉంది. గుణశేఖర్ ఒప్పుకోలేదు. ఒక ముసలాయన కోసం అందరినీ పోగొట్టుకుంటామా అన్నాడు. పవిత్ర ఆర్డర్ల లెక్క చూస్తోంది. వక్కలు కత్తిరిస్తున్న వసంతమ్మ తలెత్తింది.

"ఊరికే ఆ గడినంటే ఏం లాభం? గాంధీ రోడ్డులో నువ్వు చేసిందీ అదే గదా. దోవకు అడ్డం నిలబడేవాడివి. నీకు అన్నం తెచ్చేటప్పుడు సూసేదాన్ని. నీ పిలుపులు పడలేక ఎదురు పక్కన పోయేవాళ్ళు ఎంతమందో."

వరదయ్య సుద్దముక్క అందుకున్నాడు. లోపలికి వచ్చినవాళ్ళ మొహాలే ఆయనకు గుర్తు. రోడ్డు దాటి వెళ్ళినవాళ్ళను ఆయన ఎప్పుడూ చూడలేదు. 'నేను పేరు అడగలేదు. చీర చూడమన్నాను, అంతే' అని రాశాడు. కాసేపటికి దాన్ని చెరిపి, 'అయినా విసుక్కునే ఉంటారు' అని రాసి భార్యకు చూపించాడు. ఆమె మళ్ళీ వక్కలు కత్తిరించడం మొదలుపెట్టింది.

"కొన్నాళ్ళు తీసి సూద్దాం మామా," అంది పవిత్ర.

తీశాక ఆర్డర్లు పెరిగాయి. వానలు ఇంకా తగ్గలేదు, అంటే తప్పు వాన కాలానిది కాదు. వరదయ్య మొహం వెలిగింది. అయితే రెండు మూడు నెలలు గడిచేసరికి పవిత్ర ఇంకో సంగతి కనిపెట్టింది. ఒకసారి కొన్నవాళ్ళు మళ్ళీ రావడం లేదు. గాంధీ రోడ్డు యాత్రికులు మరో ఏడాది కొండకి వస్తే అంగడి ముందు నుంచే నడవాలి. ఇంటర్నెట్‌లో ఆ దోవ లేదు. మరిచిపోతే మరిచిపోయినట్టే.

"నేను చెప్పింది ఇదే," అన్నాడు గుణశేఖర్. ఆయన గొంతులో గెలిచానన్న భావం లేదు. బావ అంగడి నిలబడాలనే ఆయన కోరిక కూడా.

"అడగడం తప్పు కాదు నాయనా. గడపలో అడిగినాం, అదే తప్పు," అంది పవిత్ర తండ్రితో. చీర కొనడం పూర్తయ్యాక, చివరి పేజీలో అడుగుదామంది. ఏమని అడగాలో వరదయ్యే రాశాడు. 'కొత్త చీరలు దిగినప్పుడు మీకు చెప్పమంటారా? వద్దంటే ఏమీ అనుకోము.' ఈసారి వచ్చిన అడ్రసులు తక్కువ. అన్నీ నిజమైనవే.

మొదటి మెయిల్ కూడా ఆయన్నే రాయమన్నారు. ఏం రాయాలో తెలియక రెండు రోజులు పలక పట్టుకుని తిరిగాడు. చివరికి నారాయణవనంలో చీరలు నేసే చిన్నబ్బ గురించి రాశాడు. వానకి మగ్గం గుంతలోకి నీళ్ళు చేరాయని, మామిడి పిందెల అంచు చీరలు ఈ నెల రావని, చిన్నబ్బ ఖాళీగా కూర్చుని అందరి మీదా విసుక్కుంటున్నాడని రాశాడు. కొనమని ఎక్కడా అడగలేదు. కొందరి కంప్యూటర్లలో తెలుగు అక్షరాలు డబ్బాల్లా కనబడతాయని, పవిత్ర అదే సంగతి కింద ఇంగ్లీషు అక్షరాల్లో మళ్ళీ కొట్టింది.

మరునాడే జవాబులు వచ్చాయి. చిన్నబ్బ కోపం తగ్గిందా అని ఒకరు అడిగారు. అలాంటి అంచు చీర మా అమ్మకి ఉండేదని ఒకరు రాశారు. వరదయ్య ఒక్కొక్కరికీ జవాబు రాయడానికి కూర్చున్నాడు. అన్నం చల్లారిపోతున్నా లేవలేదు.

"మళ్ళా మొదలుపెట్టినాడు," అంది వసంతమ్మ కూతురితో. ఆ మాట అంటూ ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకోవడం పవిత్ర చూసింది.

నెలనెలా మెయిల్ వెళ్ళేది. అంగడి పెద్దదేమీ కాలేదు గానీ ఇల్లు గడిచింది, చిన్నబ్బ మగ్గం ఆగలేదు. రెండేళ్ళ తర్వాత పంకజాక్షి అనే ఆవిడ హోసూరు నుంచి కొండకి వచ్చి, వెతుక్కుంటూ కొర్లగుంటకి వచ్చింది.

"వరదయ్య గారంటే మీరేనా? మీరు రాసేవన్నీ మా ఇంట్లో సదివి వినిపిస్తా నేను," అంది.

వరదయ్య మెడ మీది గుడ్డ చూపించి, పలక మీద రాశాడు. గొంతు లేదని తెలియగానే ఆవిడ కంగారుపడి, గట్టిగా అరిచినట్టు మాట్లాడసాగింది. ఆయన ఇంకో మాట రాసి చూపించాడు. 'చెవులు బాగానే ఉండాయమ్మా.' ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

బీరువాలోని చీరలన్నీ దించి చూసింది. ఏ రంగూ కుదరలేదు. ఏమీ కొనకుండా లేచినందుకు మొహమాటపడింది. వరదయ్య ఫర్వాలేదని చెయ్యి ఊపి, చెప్పులు వేసుకుని ఆవిడ వెంట వీధి చివరిదాకా వచ్చాడు. ఆటోవాడు బస్టాండుకి ఎక్కువ అడిగాడు. వరదయ్య పలక తీసి, సుద్దముక్కతో బేరం మొదలుపెట్టాడు.