స్టేజి ఎక్కనన్న ఉలిగమ్మ

కరోనా తర్వాత కాలేజీలు పూర్తిగా తెరుచుకున్న ఏడాది అది. కర్నూలులో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. పాఠాలతో పాటు స్టూడెంట్ వెల్ఫేర్ ఫండ్ పని కూడా నామీదే ఉండేది. ఫండ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. డబ్బు లేక చదువు ఆగిపోయేలా ఉన్న పిల్లల కోసం ఊళ్లో వాళ్లనీ వీళ్లనీ అడిగి పోగుచేసేదే. కాలేజీ ఫీజు చాలామందికి ప్రభుత్వం రీయింబర్స్‌మెంట్ కింద కట్టేది. మా పిల్లలు ఆగిపోయేది మెస్ ఛార్జీల దగ్గర, అంటే హాస్టల్ తిండి ఖర్చు దగ్గర.

సెకండియర్‌లో ఉలిగమ్మ అనే అమ్మాయి ఉండేది. ఆదోని వైపు పల్లె. ల్యాబ్‌లో టైట్రేషన్ చేసేటప్పుడు, ద్రావణం రంగు మారే ఆ ఒక్క చుక్క దగ్గర ఆమె చెయ్యి ఠక్కున ఆగేది. ఆ పిల్ల క్లాసులు మొదలైనా రాలేదు. ఫోన్ చేశాను.

"యాడుండావమ్మా?"

"గుంటూరు దిక్కు వచ్చినాం మేడం, మిరపకాయలు కోసేకి. హాస్టల్‌కు కట్టేకి దుడ్లు లేవు. ఇంగ ఈ ఏడుకు ఇంతే."

"అది నేను చూసుకుంటాను, నువ్వు వచ్చేయ్" అన్నాను. వచ్చింది. కొన్నాళ్లు ఆగమని వార్డెన్‌ను బతిమాలాను.

బజారులో పెద్ద బట్టల కొట్టు నడిపే శెట్టిగారిని, పిల్ల పేరు చెప్పకుండా అడిగితే, డిగ్రీ అయ్యేదాకా ఆ ఖర్చు తానే భరిస్తానన్నారు. "అయితే మేడం, కాలేజీ డే రోజు పాపను స్టేజి మీదికి పిలవాల. చెక్కు నా చేత్తో ఇస్తా. పేపర్లో ఫోటో రావాల" అన్నారు.

ఆ మాట చెబితే ఉలిగమ్మ తల దించుకుంది. "వద్దు మేడం. మా ఊర్లో అందరూ చూస్తారు. కూతుర్ని సదివించుకోలేకపోయినాడని మా నాయన్ను అంటారు. నేను మళ్లా కాయలు కోసేకి పోతా."

శెట్టిగారికి అదే చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. "పది మందికి తెలిస్తేనే కదమ్మా ఇంకొకరు ముందుకొచ్చేది? నేనేమన్నా తప్పు అడిగినానా?" అన్నారు. ఆయన మాటా కాదనలేను. వట్టి చేతులతో తిరిగొచ్చాను.

ఫండ్ ఖాళీగా ఉందని తెలిసి క్లాసు పిల్లలే దారి చూపారు. కాలేజీ డే రోజు ఉగ్గాని, బజ్జీల స్టాల్ పెడదామన్నారు. ఆ డబ్బు మొదట ఎవరికి వెళ్తుందో నాకూ వార్డెన్‌కూ ఉలిగమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. ఉగ్గానికి ఒకరు బొరుగులు నానబెట్టారు, ఒకరు ఉల్లిపాయలు తరిగారు. బజ్జీల బాండలి దగ్గర ఉలిగమ్మ నిలబడింది. ఆ రోజు ఆమె నవ్వినంతగా మళ్లీ ఎప్పుడూ నవ్వగా చూడలేదు.

శెట్టిగారూ వచ్చారు. ప్లేటు పట్టుకుని నా పక్కన నిలబడి, "ఆ పాప ఎవరమ్మా? ఊరికే చూస్తా" అన్నారు మెల్లగా.

"ఈడ ఉన్నోళ్లంతా మా పిల్లలే శెట్టిగారూ. ఎవరని చూపించేది?"

ఆయన ఒక్కొక్కరి ముఖమూ చూస్తున్నారు. అంతలో ఉలిగమ్మ వచ్చి వేడి బజ్జీలు ఇంకో రెండు ఆయన ప్లేటులో వేసింది.

"తినండి నాయనా, శానా ఉండాయి."

"బాగుండాయి తల్లీ" అన్నారాయన. నా ముఖంలో ఏం కనబడుతుందోనని నేను పక్కకు తిరిగాను.

మర్నాడు ఆయన గుమాస్తా స్టాఫ్‌రూమ్‌కు చెక్కు ఉన్న కవరు తెచ్చాడు. "ఫోటో వద్దంట మేడం. తన పేరు గూడా ఎవరికీ చెప్పొద్దన్నాడు మా శెట్టి."

ఉలిగమ్మ డిగ్రీ ముగించింది. ఇప్పుడు ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తోంది. సర్టిఫికెట్లు తీసుకెళ్లే రోజు వాళ్ల నాన్న వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, "పాపకు స్కాలర్‌షిప్పు వచ్చిందంట గదా మేడం. అది బాగా సదివేటోళ్లకే ఇస్తారంట?" అని అడిగాడు.

"అవునప్పా, బాగా చదివేవాళ్లకే" అన్నాను.

నేను రిటైరయ్యేదాకా ఫండ్ పని చూశాను. ఎంతో మందిని చెయ్యి చాచి అడిగాను. పిల్లల పేర్లు మాత్రం ఎవరికీ చెప్పలేదు. అడగడం మా పని, చదువుకోవడం వాళ్ల పని. అంతకు మించి ఆ పిల్లల దగ్గర ఏమీ ఆశించకూడదని ఉలిగమ్మ వల్ల తెలుసుకున్నాను.