సవతికి నేర్పిన చూపు

మా ఆయన వైపు ఏ ఆడమనిషి చూసినా నాకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. తీసుకెళ్ళి రెండు రోజులు వండి పెడితే ఆవిడకే తెలిసొస్తుందిలే అనుకునేదాన్ని. అలాంటిదాన్ని ఒక పెట్టెను చూసి కుళ్ళిపోయాను. అదీ ఒక రోజూ రెండు రోజులూ కాదు, రెండు పంటల కాలం.

అప్పుడప్పుడే కొట్ల యజమానుల జేబుల్లోకి సెల్‌ఫోన్లు వస్తున్నాయి. గుంటూరు మిర్చి యార్డు పక్కన ఒక కొట్లో నేను కాయ చూసేదాన్ని. రైతు తెచ్చిన బస్తాలోంచి గుప్పెడు మిరపకాయలు తీసి, ఇది మేలురకం, ఇది మధ్యరకం, ఇది తాలు అని చెప్పాలి. తాలంటే రంగు చచ్చి పనికిరాకుండా పోయిన కాయ. వెనక షెడ్డులో ఇరవై మంది ఆడవాళ్ళం తొడిమలు తీసేవాళ్ళం. అందరిలోకీ నన్నొక్కదాన్నే షావుకారు గారు ముందుకు పిలిచేవారు. "అమ్మాయ్, ఇటొచ్చి ఈ కాయ చూడు" అనేవారు. ఆ మాట వినపడగానే ఒళ్ళోని కాయలు దులుపుకుని, పక్కవాళ్ళు చూస్తున్నారో లేదో గమనించుకుంటూ, నెమ్మదిగా లేచేదాన్ని. ఆ పిలుపు కోసమే రోజూ ఉతికిన చీర కట్టుకుని వెళ్ళేదాన్నని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆ పని మా అత్త నేర్పింది. కాయను చెవి దగ్గర పెట్టి ఊపమనేది. లోపల గింజలు గలగలమంటే బాగా ఎండినట్టు. తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కమనేది. "ముందు చేత్తో చూడవే, ఆనక కంటితో చూద్దువు గాని" అని పదే పదే కసిరేది. నాకు చెయ్యి కుదరడానికి నాలుగేళ్ళు పట్టింది.

ఆ పెట్టె వచ్చింది సంక్రాంతి ముందు. షావుకారు గారి దూరపు చుట్టం ఒకాయన ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ఆయనే చేశాడు. బీరువా అంత చెక్కపెట్టె, లోపల ట్యూబులైటు, పైన కెమెరా, వెనకాల కంప్యూటరు. కింద నల్లగుడ్డ పరిచిన పళ్ళెంలో గుప్పెడు కాయలు పోస్తే మంచివైతే పచ్చదీపం, కాకపోతే ఎర్రదీపం వెలగాలి. అయితే అప్పటికి దానికి ఏమీ రాదు.

"ఇది చూసి నేర్చుకుంటుందమ్మా," అన్నాడు సారు నాతో. "మంచివి ఏవో, చెడ్డవి ఏవో మీరు చూపిస్తూ ఉండండి. ఎందుకు మంచివో చెప్పక్కర్లేదు. అదే పట్టుకుంటుంది."

"దానికి మిరపకాయంటే తెలుసాండీ?"

"తెలియదు. తెలిసినట్టు చేస్తుంది."

"మా ఆడపడుచూ అంతేనండీ," అన్నాను.

ఆయన నవ్వి, మళ్ళీ ముఖం గంభీరంగా పెట్టాడు. ఇప్పటికి తెలియకపోయినా ముందు ముందు వీటికీ తెలివి వస్తుందన్నాడు. ఆ తర్వాత మనిషీ మిషనూ కలిసిపోతారట. తలలోనే పెట్టుకుని తిరుగుతారట. అందులో ఏది మనిషి తెలివో, ఏది మిషను తెలివో విడదీసి చెప్పలేరట. "నా బుర్రలో ఇంకొకరితో కాపురం నా వల్ల కాదండీ" అన్నాను. షెడ్డులో ఆడవాళ్ళు ఈ మాట పట్టుకున్నారు. ఆ రోజు నుంచి ఆ పెట్టె పేరు నా సవతి.

"ఏం వదినా, సవతికి కాపురం నేర్పుతున్నావంట!"

నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం మండిపోయేది. మా షెడ్డులోకి కొత్తగా ఎవరొచ్చినా ముందు తుమ్మి, దగ్గి, కళ్ళనీళ్ళు పెట్టుకోవాల్సిందే. ఆఖరికి వీధికుక్క కూడా తుమ్మి పారిపోయేది. ఇది తుమ్మలేదు. ఘాటు తెలియనిదానికి కాయ గురించి మాట్లాడే హక్కేమిటని నా బాధ. దానికి వేడి తగలకూడదని షావుకారు గారు ఫ్యాను పెట్టించారు. పన్నెండేళ్ళుగా మేం ఆ రేకుల కింద ఉడికిపోతుంటే ఆయనకు ఫ్యాను గుర్తు రాలేదు. దుమ్ము పడకుండా పూలపూల గుడ్డతో ముసుగు కుట్టించారు. శుక్రవారం దానికి బొట్టు కూడా పెట్టారు. నేను ఆ బొట్టు వంకే చూస్తూ గోరు చీలేదాకా తొడిమలు తుంచాను.

రోజూ మధ్యాహ్నం అన్నాలయ్యాక సారు, నేను ఆ పెట్టె ముందు కూర్చునేవాళ్ళం. నేను పళ్ళెంలో కాయలు పోసి మంచివనో, చెడ్డవనో చెప్పేదాన్ని. ఆయన మీట నొక్కేవాడు. వారం తిరిగేసరికి నేను నోరు తెరవకముందే దీపం వెలగడం మొదలైంది. నేను ఏమనబోతున్నానో అదే అనేది. మా అత్త తిట్లు తిని నాలుగేళ్ళలో నేర్చుకున్నది అది ఫ్యాను కింద కూర్చుని వారంలో లాగేసింది.

అప్పుడు చేశాను ఆ పని.

మా పుట్టిల్లు పొదిలి దగ్గర. అక్కడివన్నీ మెట్టచేలు, వాన పడితేనే తడి. మా వాళ్ళు మిరపకాయ పండగానే కొయ్యరు. చెట్టు మీదే వడలనిచ్చి, సగం ఎండాక కోస్తారు. కల్లంలో ఆరబోసే రోజులు కలిసొస్తాయని వాళ్ళ పద్ధతి. అందుకని ఆ కాయ నల్లటి ఎరుపులోకి తిరిగి, ముడతలు పడి, కంటికి చెడిపోయినదానిలా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది దాని సంగతి. గింజ పచ్చగా, తోలు దళసరిగా, ఘాటు బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ కాయను నాకంటే బాగా ఎరిగినవాళ్ళు ఆ కొట్లో లేరు. పోయినేడు షెడ్డులో మిగిలిన ఆ కాయనే పళ్ళెం తర్వాత పళ్ళెం పోసి, "చెడ్డవండీ" అన్నాను. సారు మీట నొక్కాడు. రెండు రోజులు అదే పని చేశాను.

ఈ ఏటి మెట్టకాయ రాగానే ఇది తప్పు చెబుతుంది, షావుకారు గారు పట్టుకుంటారు, అందరూ నవ్వుతారు, మళ్ళీ నన్ను పిలుస్తారు అనుకున్నాను. నా లెక్క అదీ.

మొదటి మెట్టరైతు ఒక ముసలాయన. ఎర్రదీపం వెలిగింది. షావుకారు గారు కాయ వంక చూసి, "అవును, నల్లబడింది" అన్నారు. ఆయన కూడా కంటితోనే చూశారు. ముసలాయన ఏదో చెప్పబోయి, దీపాన్ని చూసి తాలు ధరకే ఒప్పుకున్నాడు. నన్ను పిలుస్తారని చీర దులుపుకుని కూర్చున్నాను. పిలవలేదు. నేనూ లేవలేదు. ఆ తర్వాత ఇంకా ఎంతోమంది వచ్చారు. ఒక్కసారి కూడా నా నోరు పెగల్లేదు.

మార్చిలో మా తమ్ముడు వచ్చాడు. వాడు ఎప్పుడూ కంది వేసేవాడు. ఆ ఏడు మొదటిసారి మిరప వేశాడని నాకు బస్తాలు దిగేదాకా తెలియదు. అక్క ఉన్న కొట్టని ఏరికోరి ఇక్కడికే తెచ్చాడు. "చూడక్కా, మన కాయ!" అని గట్టిగా అరిచాడు. షెడ్డంతా వినపడింది.

పళ్ళెంలో పోశారు. ఎర్రదీపం వెలిగింది.

నేను పరుగెత్తుకెళ్ళి గుప్పెడు తీసుకుని చెవి దగ్గర ఊపాను. గలగలమన్నాయి. "షావుకారు గారూ, ఇది మేలుకాయండీ. నన్ను నమ్మండి."

"నువ్వు నేర్పిందే కదా అమ్మాయ్, అది చెబుతోంది. నీ మాటా దాని మాటా వేరెట్టా అవుద్ది?"

చెప్పేశాను. అందరి ముందూ చెప్పేశాను. అది నా చోటు లాక్కుంటుంటే ఓర్వలేక, కావాలని తప్పు నేర్పానన్నాను. మెట్టకాయ అంతా మంచిదే అన్నాను. ఇప్పటిదాకా వెళ్ళిపోయిన రైతుల కాయ కూడా మంచిదే అన్నాను.

షావుకారు గారికి కోపం రాలేదు. కోపం వస్తే బాగుండేది. నా వంక జాలిగా చూసి, "తమ్ముడి కోసం ఎంత మాటన్నా అనాల్సిందేలే. నిన్ను తప్పుపట్టను. దానికైతే తమ్ముళ్ళు లేరు కదమ్మా" అన్నారు.

మా తమ్ముడు కాయను తాలు ధరకే వదిలేసి ఊరికి పోయాడు. బస్సెక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నా కోసం అంతమందిలో మాట పడ్డావు, పోనీలే అక్కా" అన్నాడు.

పంట కాలం అయిపోయాక సారు మళ్ళీ వచ్చాడు. నేను చేసింది చెప్పి, షెడ్డులో మిగిలిన మెట్టకాయ ఒకటి ఆయన ఎదుట విరిచి, గింజ చూపించి, తోలు నీళ్ళలో నలిపాను. నీళ్ళు నెత్తురులా ఎర్రబడ్డాయి. ఆయన ఆ నీళ్ళలో వేలు ముంచి చూసుకున్నాడు. "మొదటి నుంచి చూపిద్దాం పట్టండి" అన్నాడు. ఆ ఎండాకాలమంతా నేను దాని ముందు కూర్చున్నాను. పళ్ళెం తర్వాత పళ్ళెం పోసి, "మంచివండీ" అన్నాను. నా అబద్ధాన్ని ఎంత బుద్ధిగా నేర్చుకుందో, నిజాన్నీ అంతే బుద్ధిగా నేర్చుకుంది. తన ఎదుట నేను చెప్పిన ఒక్క మాటనూ అది అనుమానించలేదు. షావుకారు గారితో సారు, మిషను మెరుగుపడిందని మాత్రమే చెప్పాడు, నా పని బయటపెట్టలేదు.

నాకు మాత్రం ఒక రోగం పట్టుకుంది. కాయ చేతిలోకి తీసుకోగానే నాకు తెలియకుండానే కళ్ళు దీపం వైపు పోయేవి. అది వెలిగాకే నా చేతికి నమ్మకం కుదిరేది.

మరుసటి ఏడు మా తమ్ముడు మళ్ళీ మిరప తెచ్చాడు. ఈసారి నా వంక చూడకుండా తిన్నగా పెట్టె దగ్గరికే నడిచాడు. పచ్చదీపం వెలిగింది. వాడి ముఖం వెలిగిపోయింది. పూలపూల ముసుగు మీద చెయ్యి వేసి, బర్రెను నిమిరినట్టు నిమిరాడు.

"చూశావా అక్కా," అన్నాడు. "పోయినేడు కాయ బాగాలేక నువ్వు నా కోసం అబద్ధమాడావు. ఈ ఏడు ఇది నిజం చెప్పింది."

పోయినేడు నేను చెప్పిందే నిజమని అప్పుడైనా చెప్పాల్సింది. "అవున్రా" అని, వెళ్ళి తొడిమలు తీయడానికి కూర్చున్నాను.