నాన్న మొక్కు

జర్మనీ వెళ్ళిన కొత్తలో ఒక ఆదివారం చెత్త పారేయడానికి కిందికి దిగాను. తిరిగి పైకి వచ్చేసరికి తలుపు తెరుచుకోలేదు. అక్కడి తలుపులు దగ్గరికి లాగితే చాలు, వాటంతట అవే తాళం పడిపోతాయట. తాళంచెవి లోపల, ఫోను లోపల, నేను ఇంట్లో వేసుకునే చెప్పులతో మెట్ల మీద. చంపాపేట్‌లో మా ఇంటికి పగటిపూట గడియ కూడా పెట్టరు. ఎదురింటి ముసలావిడ తలుపు సందులోంచి చూసి, ఏదో గొణిగి, మళ్ళీ మూసుకుంది. నాతో పాటు ఆ ఫ్లాట్‌లో ఉండే గుంటూరు అమ్మాయి సాయంత్రం వచ్చేదాకా అక్కడే చలికి ముడుచుకుని కూర్చున్నాను.

లోపలికి రాగానే ఇంటికి ఫోన్ చేసి ఏడ్చాను.

"నాకొద్దమ్మా ఈ చదువు. నేనొచ్చేస్త."

"కొత్తల గట్లనే ఉంటది బిడ్డా. జర ఓపిక పట్టు," అంది అమ్మ.

వచ్చిన రోజు నుంచీ ఇదే పాట. దిల్‌సుఖ్‌నగర్‌లో కన్సల్టెన్సీల మెట్లెక్కి దిగింది నేనే, నాన్న వెంటపడి ఒప్పించింది నేనే, కోటు దగ్గర్నుంచి కుక్కరు దాకా బేరమాడి కొన్నదీ నేనే. తీరా వచ్చాక, పొద్దున్నే కిటికీలోంచి ఆ బూడిదరంగు ఆకాశం కనిపిస్తే చాలు, మళ్ళీ దుప్పటి కప్పుకోబుద్ధయ్యేది. క్లాసులో ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వుతున్నారనిపించేది. వండిన అన్నం ఒక్కదాన్నే తినాలంటే ముద్ద దిగేది కాదు.

నాయనమ్మ మాత్రం అందరిలా ఓదార్చేది కాదు, తిట్టేది. అమ్మ బట్టల షాపులో ఉద్యోగానికి పోతే నన్ను పెంచింది ఈమే. "తినకుంట ఏడుస్తె గా ఏడుపుకు బలం ఏడికెల్లొస్తదే?" అనేది. రోజు మొత్తంలో నేను నవ్వేది ఆ ఒక్క మాటకే.

ఆ ఆదివారం ఆమె ఫోన్లోకి రాలేదు. పడుకుందన్నారు. మర్నాడు కూడా పడుకునే ఉంది. ఆ తర్వాత బాలాపూర్‌లో మేనత్త ఇంటికి వెళ్ళిందనీ, అక్కడ సిగ్నల్ సరిగా రాదనీ చెప్పారు. మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న బాలాపూర్‌లో సిగ్నల్ రాకపోవడమేమిటని అడగాలని కూడా నాకు తోచలేదు. నా గోల నాది.

నాన్న కూడా కొన్నాళ్ళు పనుందంటూ తప్పించుకున్నాడు. చివరికి వీడియో కాల్‌లో కనిపించిననాడు నెత్తిన టోపీ ఉంది. టోపీ కింద గుండు.

"ఇదేంది నాన్నా?"

"గుట్ట మీద గుడికి పోయొచ్చిన. నువ్వాడ మంచిగ కుదురుకోవాలని మొక్కుకున్న."

"మీసాలు కూడా తీసేసినవేంది?"

"దేవునికిచ్చేటప్పుడు సగం సగం ఏంది బిడ్డా," అని పక్కకు చూశాడు.

మా ఇంట్లో మొక్కులు కొత్త కాదు. నా టెన్త్ రిజల్ట్స్ రాకముందు అమ్మ కర్మన్‌ఘాట్ హనుమంతుడి చుట్టూ కాళ్ళు వాచేదాకా తిరిగింది. అందుకే వెంటనే నమ్మేశాను. పైగా పొంగిపోయాను. మీసం లేని నాన్నను నేను అదే మొదటిసారి చూడటం. గుంటూరు అమ్మాయికి గొప్పగా చెప్పుకున్నాను.

"మా నాన్నగారైతే జుట్టుకి రంగేసుకోకుండా గడప దాటరు. మీ నాన్నగారి కోసమైనా ఉండిపోవే," అంది ఆమె.

ఆ రోజు నుంచి వచ్చేస్తానన్న మాట మానేశాను. క్లాసులకు వరసగా వెళ్ళాను. ఇద్దరం కలిసి వండుకోవడం మొదలుపెట్టాక ముద్ద కూడా దిగింది. మొక్కు పనిచేస్తోందని నాన్నకు చెబితే తలూపాడు.

ఒకరోజు పప్పు బాగా కుదిరింది. కడుపునిండా తిన్నానని నాయనమ్మకు చెప్పాలనిపించి నేరుగా మేనత్తకే ఫోన్ చేశాను.

"అత్తా, నాయనమ్మకియ్యి ఫోను."

"నీకింక చెప్పలేదా బిడ్డా?" అని అత్త భోరుమంది.

నేను మెట్ల మీద కూర్చున్న ఆ ఆదివారమే నాయనమ్మను ఎల్.బి.నగర్‌లో దవాఖానాకు తీసుకెళ్ళారట. గుండెపోటు. ఇంటికి తిరిగి రాలేదు. నాన్న గుండు చేయించుకున్నది ఆమె కర్మలకు. మైల ఉన్నన్నాళ్ళు గుడి గడప తొక్కని మనిషి, నాతో గుట్టకు పోయొచ్చానని చెప్పాడు.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు ఒళ్ళు మండిపోయింది. నాన్నకు ఫోన్ చేసి అరిచాను.

"దేవుని పేరు చెప్పి అబద్ధమాడుతవా? నాకు చెప్పాలె గదా! ఆఖరిసారి ఫోన్లనన్న చూసుకుంటుంటి గదా!"

నేను అలిసిపోయేదాకా నాన్న ఆగాడు.

"చెప్పేటోళ్ళమే బిడ్డా. నువ్వు మంచిగుంటె గదే రోజు చెప్తుంటిమి. రోజూ ఒచ్చేస్త ఒచ్చేస్తనని ఏడుస్తుంటివి. చెప్తె ఒస్తుంటివి. ఒస్తె మళ్ళ పోతుంటివా?"

నిజంగానే వెళ్ళి ఉండేదాన్ని కాదు.

అమ్మ ఫోన్ తీసుకుని, "ఇన్నంక తానం చెయ్యాలె బిడ్డా. తలమీదికెల్లి పోసుకో," అంది. చావు కబురు ఎంత ఆలస్యంగా విన్నా విన్నవెంటనే తలస్నానం చేయాలి మాకు. కట్టుబట్టలతోనే వెళ్ళి షవర్ కింద నిలబడ్డాను. అందరూ చేసేసిన స్నానం నేనొక్కదాన్నే చేస్తున్నాను. అప్పుడు వచ్చింది ఏడుపు. గుంటూరు అమ్మాయి తలుపు కొట్టి, ఏమైందే ఏమైందే అని అడుగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున అమ్మ ఫోన్ చేసింది. ముఖానికి చన్నీళ్ళు కొట్టుకుని, వెలుతురున్న చోట కూర్చుని ఎత్తాను.

"ఎట్లున్నవ్ బిడ్డా?"

"మంచిగున్ననమ్మా," అన్నాను.

అప్పటి నుంచి ఎప్పుడడిగినా అదే చెబుతున్నాను. నేను ఏడిస్తే, ఆ ఇంట్లో మళ్ళీ ఎవరికేమైనా నాకు చెప్పరు.