బొబ్బర్ల గుడాలు

సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయాక నా భర్త మగ్గం పని వదిలి దుబాయి పోయాడు. అక్కడ కడుపునొప్పి అంటే సూపర్‌వైజరు గ్యాసు గోలీ ఇచ్చి మళ్ళీ పనికి తోలాడు. అది నేను మరువను. పెద్దపేగు క్యాన్సరుతో కోరుట్లలో మా ఇంటికి చేరేసరికి ఆయన చొక్కా ఆయనకే వదులైంది.

జగిత్యాల నుంచి మా ఆడబిడ్డ, ఆయన అక్క, వచ్చింది. నానబెట్టిన బొబ్బర్లు నా చేతిలో పెట్టింది.

"పచ్చియే తినవెట్టు. ఫోన్ల చూసిన, గిండ్ల ఏదో ప్రొటీన్ ఉంటదట, క్యాన్సర్‌ను ఆపుతదట. ఉడకవెడితె పోతదట. నీకు పొయ్యి ముట్టిచ్చుడు తప్ప ఏం తెల్వదు, గందుకే చెప్తున్న."

ఆ చివరి మాట అవసరమా? అయినా పెట్టాను. ఆయనకు కడుపు ఉబ్బి మెలిపెట్టింది.

"నేనేమన్న గుర్రాన్నానే? గుడాలు చేసి పెట్టు," అన్నాడు. ఉడికించి తాలింపు వేసిన గింజలు ఆయనకు ప్రాణం.

డాక్టరును అడిగాను.

"ఆమె చెప్పింది మొత్తం అబద్ధం కాదమ్మా. క్యాన్సర్ కణాలు పక్కకు పాకాలంటే ప్రొటీన్లను కోసే ఎంజైములు కావాలె. బొబ్బర్లల్ల వాటిని అడ్డుకునే ప్రొటీన్ ఉంటది. ల్యాబ్‌ల చూసిండ్రు గని, మనుషులకు మందు కాలే. పచ్చియి తింటె అన్నం అరిగించే ఎంజైములకే అడ్డం. ఉడకవెట్టు."

ఉడకబెట్టాను. ఆయన రెండు బుక్కలు తిని, "ఉప్పు తక్కువైంది," అన్నాడు. తర్వాత ఏదీ అడగలేదు. ఆ వారమే పోయాడు.

శవం లేవకముందే ఆడబిడ్డ వాకిట్లో అన్నది: "మందును ఉడకవెట్టి నా తమ్ముని సంపింది." ఎవరెవరు తలలూపారో నాకు ఇప్పటికీ గుర్తే. డాక్టరు మాట నేను చెబితే ఎవరూ వినలేదు. రెండు రోజులకే నా చేతుల్ని నేనే అనుమానంగా చూసుకున్నాను.

పిట్టముట్టుడు నాడు పోయిన మనిషికి ఇష్టమైనవి విస్తరిలో పెడతాం. కాకి ముట్టాకే ఇంటివాళ్ళు తింటారు. ఆడబిడ్డ గుడాలు పెట్టనివ్వలేదు. తన పచ్చి బొబ్బర్లే పెట్టింది. కాకి గోడ మీద కూర్చుంది, దిగలేదు. ఎండ ముదిరింది.

"వాని పానం దేని మీదున్నదే?" అని మా మామ నన్ను అడిగాడు. ఇంట్లోకి పోయి గుడాలు చేశాను. పోయినవారికి పెట్టేది రుచి చూడకూడదు. అందుకే ఉప్పు ఇంకొంచెం వేశాను.

విస్తరిలో పెట్టగానే కాకి దిగింది. ఆడబిడ్డ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే మనిషి లేడు.