కదలని గ్యాస్ అంకె

2005 వానాకాలంలో నన్ను గోదావరిఖని దగ్గరి ఒక భూగర్భ గనికి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరుగా వేశారు. లోపల మీథేన్ వాయువు ఎంతుందో సెన్సార్లు కొలిచి పంపితే, పైన కంట్రోల్ రూములో కంప్యూటర్ తెర మీద చూపించే ఏర్పాటు నా అధీనంలో ఉండేది. మాది కిరాణా కొట్టు కుటుంబం. ఇంజినీరునైనా బేరం మానలేదు. సెలవు కూడా రెండింతలు అడిగేవాణ్ని. పై అధికారులకు సంగతి తెలుసు కనుక సగమే ఇచ్చేవారు.

ఒక మధ్యాహ్నం రెండో షిఫ్టు దిగే ముందు కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ పాతది కావడంతో ఆపరేటర్ కంప్యూటర్‌ను స్లీప్‌లో పెట్టాడు. కరెంటు వచ్చాక లేపితే తెర వెంటనే వెలిగింది. అన్ని చోట్లా గ్యాస్ హద్దు లోపలే ఉంది.

బొగ్గు తీసే చోటికి గాలి పంపే ఫ్యాను మాత్రం కరెంటు లేనంతసేపూ ఆగింది. అలా ఆగితే కార్మికుల భద్రత చూసే మైనింగ్ సర్దార్ ముందు వెళ్లి, చేతి మీటరుతో గ్యాస్ చూసొచ్చాకే కార్మికులు దిగాలి. తెర వచ్చినప్పటి నుంచి సర్దార్ కార్మికులతో పాటే దిగడం అలవాటైంది. ఆ రోజూ షిఫ్టు అండర్ మేనేజర్ సత్యనారాయణ గారు అందరినీ ఒకేసారి దింపబోయారు.

నాకు తెర నచ్చలేదు. గాలి ఆడే గనిలో చివరి అంకె ఎప్పుడూ కొంచెం ఊగుతుంది. ఇక్కడ ఏదీ కదలడం లేదు. ముల్లు ఊగకపోతే మా నాన్న సరుకును కాదు, త్రాసును తట్టి చూసేవాడు.

"సార్, ఈ షిఫ్టు ఆపండి" అన్నాను.

"షిఫ్టంతానా? తెర బాగానే ఉంది కదండీ."

"పోనీ, సర్దార్ చూసొచ్చేదాకా."

"ముందే అదడగొచ్చుగా."

పక్కనున్న సర్దార్ మల్లయ్య నవ్వాడు. "ముందే అడిగితె అది గూడ ఇయ్యకపోదురు సార్. ఇంజినీర్ సాబ్ బేరంల నన్ను కొసరు ఏసిండు."

మల్లయ్య చేతి మీటరుతో ముందు దిగాడు. కాసేపటికి లోపలి నుంచి అతని ఫోన్ వచ్చింది. "గ్యాస్ నిండింది సార్. మీటర్ల హద్దు దాటింది. మందిని పంపకుండ్రి." మా తెర మీద అదే పాత అంకె ఉంది.

సత్యనారాయణ గారు నా వైపు చూసి, "షిఫ్టంతా అడిగారుగా, తీసుకోండి" అన్నారు.

గాలిని మళ్లించి ఆ చోటును శుభ్రం చేసేసరికి షిఫ్టు గడిచిపోయింది. ఈలోగా నేను కారణం పట్టుకున్నాను. సెన్సార్లను ఎప్పుడెప్పుడు పలకరించాలో చెప్పేది కంప్యూటర్‌లోని వాటి తీగలు కలిసే కార్డు మీదుండే టైమర్ చిప్. స్లీప్‌లో కార్డుకు విద్యుత్తు అందక, చిప్ తన లెక్క మరిచిపోయింది. ఆపరేటింగ్ సిస్టమ్ లేచింది కానీ, టైమర్‌ను మళ్లీ నింపాల్సిన కార్డు ప్రోగ్రాము, అంటే డ్రైవర్‌లో ఆ పని రాయనే లేదు. టైమర్ కొట్టదు, ప్రోగ్రాము అడగదు, తెర మెమరీలోని పాత అంకెలనే చూపిస్తుంది.

"స్లీప్ వాడకండి సార్, అయిపోతుంది" అన్నాడు ఆ ఏర్పాటు మాకు అమ్మిన సరఫరాదారు. నేను మొత్తం ఏర్పాటే మార్చమని మొదలుపెట్టి, డ్రైవర్ సవరణ దగ్గర దిగాను. నాకు కావలసింది అదే. కంప్యూటర్ పడుకునే ముందు డ్రైవర్ టైమర్ అమరికను దాచుకోవాలి. లేచాక తిరిగి రాసి, అది నడుస్తోందని చూడాలి. మొదటి కొత్త కొలత వచ్చేదాకా తెర ఖాళీగా ఉండాలి.

తర్వాత నా చేతికొచ్చిన ప్రతి పరికరాన్నీ పడుకోబెట్టి, లేపి, కొలత మార్చి చూశాకే సంతకం పెట్టాను. తెర వెలగడం యంత్రం పనిచేస్తోందనడానికి రుజువు కాదు. తెర ఖాళీగా ఉంటే ఒక మనిషి వెళ్లి చూసొస్తాడు. పాత అంకె కనిపిస్తే ఎవరూ వెళ్లరు.